ఒలందా వాళ్ళ బండ

వేంకటాచలం మాస్టారి కంటికి కాస్త పాతగా కనబడితే చాలు, అది ఒలందా వాళ్ళదే. గోడ కూలితే ఆ ఇటుక ఒలందా ఇటుక. అటక మీద తుప్పు పట్టిన తాళం దొరికితే ఒలందా తాళం. ఇంట్లో ఆవకాయ జాడీ మూత పగిలిన రోజున "అయ్యో, ఒలందా జాడీ!" అని ఆయన రెండు పూటలు అన్నం సరిగ్గా తినలేదు. అది తమ పెళ్ళికి మేనమామ పాతపట్నం సంతలో కొనిచ్చిందని భార్య చూడామణి ఎంత మొత్తుకున్నా చెవిన పెట్టలేదు.

"మరి ఆ సంతకి ఎవరు తెచ్చారో నీకు తెలుసా?" అన్నారు.

"నాకెలా తెలుస్తుందండీ?"

"తెలీదు కదా. అయితే ఒలందా వాళ్ళే."

ఇలాంటి మనిషితో చూడామణి ఇన్నేళ్ళూ ఒకే ఒక్క మంత్రం పట్టుకుని కాపురం నెట్టుకొచ్చింది. "మీ ఒలందా వాళ్ళని తగలెయ్యా!" పొద్దున కాఫీతో మొదలుపెట్టి రాత్రి దోమతెర దించేదాకా ఆవిడ ఈ మాట అంటూనే ఉండేది. మాస్టారు వింటూనే ఉండేవారు. ఇద్దరికీ అలవాటైపోయింది.

ఒలందా వాళ్ళంటే డచ్చివాళ్ళు. ఎప్పుడో మూడు నాలుగు వందల ఏళ్ళ కిందట ఓడలేసుకుని భీమిలికి వర్తకానికి వచ్చారు. కోట కట్టుకున్నారు, గిడ్డంగులు కట్టుకున్నారు, చచ్చిపోయినవాళ్ళకి గోపురాల్లాంటి సమాధులు కట్టుకున్నారు, చివరికి అన్నీ ఇంగ్లీషువాళ్ళ పాలు చేసి చక్కా పోయారు. అదంతా ఊళ్ళో సంగతి. మాస్టారి ఇల్లు ఊళ్ళో లేదు. ఊరి చివర, భోగాపురం వైపు పోయే రోడ్డు పక్కన, గోస్తనీ నగర్లో ఉంది. ఆ కాలనీ పుట్టి పాతికేళ్ళు కాలేదు. అంతకు ముందు అక్కడ జీడితోట. "ఒలందా వాడెవడైనా ఇటు వచ్చాడంటే జీడిపళ్ళ దొంగతనానికే వచ్చుండాలి" అని చూడామణి అభిప్రాయం.

ఈ పిచ్చి మాస్టారికి బడిలో అంటుకుంది. ఆయన సోషల్ మాస్టారు. విజయనగరం జిల్లాలో ఊరూరా తిరిగి పిల్లలకి చరిత్ర చెప్పారు. పుస్తకంలో ఇంగ్లీషువాళ్ళకి పేజీలకి పేజీలు. ఫ్రెంచివాళ్ళకి బొమ్మతో సహా ఒక పాఠం. ఒలందా వాళ్ళకి మాత్రం నాలుగంటే నాలుగు లైన్లు, అవీ పరీక్షలో ఎవరూ అడగరు. "అన్ని సముద్రాలు దాటి వచ్చి, మన ఎండకి మాడి, మన నీళ్ళు పడక విరేచనాలు పట్టుకుని ఇక్కడే మట్టిలో కలిసిపోయారే, వాళ్ళకి నాలుగు లైన్లా?" అని మాస్టారు తెగ బాధపడేవారు. ఎవరికి తక్కువ చోటు దొరికితే ఆయన వాళ్ళ పక్షం. రిటైరయ్యాక భీమిలి అంచున ఇల్లు కొనుక్కున్నది కూడా ఆ జాలితోనే.

ఇక అక్కణ్ణించి కాలనీకి తిప్పలు మొదలయ్యాయి. గ్యాసు బండ తెచ్చినవాడు ఒలందా వాళ్ళ ఓడల గురించి వినకుండా సంతకం తీసుకోలేడు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినవాడు మాస్టారి గేటు తీయకుండానే గోడ మీంచి తొంగి చూసి అంకె రాసుకుని పారిపోయేవాడు. ఒకరోజు కందిపొడి కలుపుకుంటూ, ఇది కూడా ఒలందా వాళ్ళదేనేమో అన్నారు మాస్టారు.

"వాళ్ళు కందిపొడి తిన్నారా?" అంది చూడామణి, నెయ్యి గిన్నె వెనక్కి లాక్కుంటూ.

మాస్టారు ఒక ముద్ద మింగి ఆలోచించారు. "తిని ఉండరులే. తిని ఉంటే వెళ్ళిపోయేవారు కారు."

నెయ్యి గిన్నె మళ్ళీ ముందుకి వచ్చింది.

ఆటో ఎల్లాజీ కాలనీ గేటు దగ్గరే ఆటో పెట్టుకుని, ఊరు చూడ్డానికి వచ్చినవాళ్ళని సమాధుల దగ్గరికి తీసుకెళ్ళేవాడు. వాడికి మాస్టారు చరిత్ర నేర్పారు. అది వాడి నోట్లో పడి మరోలా తయారైంది. "ఈ సమాదిలో ఉన్నోడు కోటబొమ్మాళి పిల్లని పేమించినాడండి. ఆల్లోల్లు ఒప్పుకోనేదు" అని కళ్ళనీళ్ళు పెట్టుకుని చెప్పేవాడు. "ఒరేయ్, అలా నేను చెప్పలేదురా" అని మాస్టారు అంటే, "తమరు సెప్పింది సెప్తే టిప్పులు రావండి" అనేవాడు.

కాలనీలో ఒక కుంటికుక్క ఉండేది. ఎర్రటిది, ఒక చెవి పైకి, ఒక చెవి కిందికి. దాన్ని పట్టించి ఎక్కడైనా దూరంగా వదిలెయ్యాలని కాలనీ సంఘం తీర్మానం చెయ్యబోతుంటే మాస్టారు లేచి నిలబడ్డారు. "ఆ చెవి చూశారా? అది ఒలందా జాతి చెవి. వాళ్ళ ఓడలో వచ్చిన కుక్కల సంతతి" అన్నారు. నవ్వినవాళ్ళు నవ్వారు. కానీ ఆ వారం నుంచే కాలనీ పిల్లలు దానికి డచ్చి అని పేరు పెట్టి బిస్కెట్లు వెయ్యడం మొదలెట్టారు. ఇంక దాన్ని పట్టించడం ఎవరి తరం కాలేదు. బస్సుల కోసం జనం కూర్చునే గోడముక్కని కొట్టేస్తామన్నప్పుడూ అంతే. అది ఒలందా గోడ అయిపోయింది, జనం ఇప్పటికీ దాని మీదే కూర్చుంటున్నారు.

ఇంత అబద్ధాల మనిషికి చూడామణి లాంటి భార్య ఎలా దొరికిందో దేవుడికే తెలియాలి. ఆవిడ పుట్టింటివారు పాతపట్నంలో తరతరాలుగా గుళ్ళో పాట పాడేవారు. తండ్రి ఆవిడకి మొదటి స్వరం నేర్పిన రోజునే, "అబద్ధమాడిన నోట శ్రుతి నిలవదమ్మా" అని చెప్పాడు. ఆ మాట ఆవిడలో అలా పాతుకుపోయింది. కాలనీ సంఘం అధ్యక్షుడు జగన్నాధం గారి భార్య పద్మకుమారి కొత్త పట్టుచీర కట్టుకొచ్చి "ఎలా ఉంది వదినా?" అంటే, ఎగాదిగా చూసి "దుప్పటి వేసుకున్నట్టుంది" అని చెప్పిన మనిషి. పద్మకుమారి నెల్లాళ్ళు మాట్లాడలేదు. తర్వాత మళ్ళీ చీర కొన్నప్పుడల్లా ముందు చూడామణికే చూపించడం మొదలెట్టింది. కాలనీలో ఎవరికైనా నిజం కావలసి వస్తే చూడామణి దగ్గరికి వెళ్ళాలి, కథ కావలసి వస్తే మాస్టారి దగ్గరికి వెళ్ళాలి.

ఆవిడకి ఈ లోకంలో ఒక్క వస్తువు మీద మమకారం ఉండేది. పెరట్లో కుళాయి దగ్గర ఉతుకుడు బండ. నల్లటి రాయి, రెండు పీటలంత వెడల్పు. ఇల్లు కొన్నప్పుడే వచ్చింది. సబ్బు జారిపోకుండా ఒక మూల చిన్న గుంట తొలిపించుకుంది. ఆ బండ మీద పంచె నాలుగు దెబ్బలు వేస్తే మల్లెపువ్వులా రావలసిందే. ఉతుకుతూ పాడుకుంటుంటే దెబ్బదెబ్బకీ తాళం కుదిరేది.

హుద్‌హుద్ తుపాను వెళ్ళిన మరుసటి ఏడాది చెల్లెలికి ఒంట్లో బాగాలేదంటే చూడామణి పాతపట్నం వెళ్ళింది. పది రోజులుండి తిరిగొచ్చేసరికి బండ లేదు. బండ ఉన్నచోట తెల్లగా ఒక వాషింగ్ మెషీను నిలబడి ఉంది.

"ఏటండీ ఇది?"

"దొంగలు పడ్డారు" అన్నారు మాస్టారు, పేపరు వెనకాల నుంచి.

"బండ ఎత్తుకెళ్ళే దొంగలేమిటండీ? ఎత్తుకెళ్ళి మెషీను పెట్టి వెళ్ళారా?"

"మెషీను నేను కొన్నానులే, నువ్వొచ్చి ఇబ్బంది పడతావని. ఒలందా వాళ్ళ బండ కదా, మంచి గిరాకీ ఉంటుంది వాటికి."

"మీ ఒలందా వాళ్ళని తగలెయ్యా! అది చాకిరేవు బండ!"

మెషీనుకి కాలరు మురికి పోయేది కాదు. అందుకని చూడామణి రోజూ పొద్దున్నే దాంట్లో బట్టలు పడేసి, మూత వేసి, ఆ బండ దొంగని తిట్టేది. "వాడి చెయ్యి పడిపోను! వాడి భుజం విరిగిపోను!" అని పాతపట్నం వైపు తిట్లన్నీ వరసగా తీసేది. ఆ దొంగలు పడిన దగ్గర్నుంచే మాస్టారికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి పైకి లేచేది కాదు. పాపం, పొద్దున దొంగని తిట్టి, సాయంత్రం మాస్టారి భుజానికి అమృతాంజనం రాయడం చూడామణికి దినచర్య అయిపోయింది. "సముద్రపు గాలి తగిలిందేమో" అనేది జాలిగా. "అంతే అయ్యుంటుంది" అనేవారాయన.

అదే రోజుల్లో కాలనీ గేటు దగ్గర, వేపచెట్టు కింద, మాస్టారు ఒక ఒలందా బండని కనిపెట్టారు. వారానికొకటి కనిపెట్టే మనిషి ఇంకోటి కనిపెట్టాడంటే ఎవరు పట్టించుకుంటారు? చూడామణి అసలే పట్టించుకోలేదు. ఆవిడ ఆ గేటు వైపే వెళ్ళేది కాదు. అక్కడ మరిడమ్మ చేపలమ్ముతుంది. ఆ వాసన పడక ఆవిడ గుడికెళ్ళినా కూరలకెళ్ళినా వెనక సందులోంచే. బండ మీద ఒక గుంట ఉందనీ, అది ఒలందా దొర ఈక ముంచి లెక్కలు రాసుకునే సిరా గుంట అనీ మాస్టారు వచ్చేపోయేవాళ్ళందరికీ చెబుతున్నట్టు ఆవిడ చెవిన పడింది. "సముద్రపు గాలిలో చెట్టు కింద కూర్చుని లెక్కలు రాశాడా? కాగితాలు ఎగిరిపోవూ?" అని ఊరుకుంది.

మరిడమ్మ సంగతి చెప్పాలి. ఒడ్డున ఉన్న పేట మనిషి. నెత్తిన చేపల తట్టతో భీమిలి వీధులన్నీ చుట్టబెట్టిన కాళ్ళు ఆవిడవి. హుద్‌హుద్ రాత్రి ఇంటి మీద కొబ్బరిచెట్టు పడి మోకాలు చితికింది. తర్వాత తట్టతో తిరగలేక కాలనీ గేటు దగ్గర వేపచెట్టు కింద చతికిలబడింది. మోకాలు మడత పడదు, నేల మీద కాలు చాపుకుని కూర్చుంటే చేపలకి ఇసక అంటుకునేది. అప్పుడే కాలనీ సంఘం వాళ్ళు లేచిపొమ్మన్నారు. మర్నాడు పొద్దున్నే మాస్టారి ఒలందా బండ వెలిసింది. దాని మీద కూర్చుని మరిడమ్మ కాలు కిందికి వేలాడేసుకుని, కత్తిపీట ముందు పెట్టుకుని, కవళ్ళూ నెత్తళ్ళూ లాంటి చిన్నచేపలు అమ్ముకుంటోంది. చారిత్రక శిల మీద కూర్చున్న మనిషిని లెమ్మనడం ఎలాగో సంఘానికి తెలియలేదు.

మాస్టారు చేప ముట్టరు. అయినా రోజూ కండువా ముక్కుకి అడ్డం పెట్టుకుని వెళ్ళి ఆవిడకి చరిత్ర చెప్పేవారు.

"మేస్టారూ, ఒలందోలు సేపలు తినీవోరేటండీ?"

"తినకేం మరిడమ్మా! లొట్టలేసుకుని తినేవారు."

"తమరు తినరు గానీ ఆల్లు తిన్నారని తమకెంత సంబరవండీ!"

అలా రెండేళ్ళు గడిచాయి. ఇంతలో భోగాపురానికి విమానాశ్రయం వస్తుందన్న మాట గట్టిగా పుట్టింది. కాలనీకి ఎక్కడలేని డాబూ వచ్చింది. సంఘం అధ్యక్షుడు జగన్నాధం గారు కోటబొమ్మాళి మనిషి, చెయ్యి పెద్దది, నోరు ఇంకా పెద్దది. ఒక ఆదివారం మాస్టారింటికి వచ్చి కుర్చీ నిండా కూర్చున్నారు.

"మాస్టారూ, కాలనీకి ఆర్చి కట్టిస్తన్నాం. అటో సింహం, ఇటో సింహం."

"సింహాలెందుకండీ?"

"రేపు విమానం దిగినోడు కారెక్కి ఇటొస్తే ముందు ఏటి కనబడాల?"

"సముద్రం" అన్నారు మాస్టారు.

"సింహం కనబడాలండీ! ఇప్పుడేటి కనబడతన్నాది? కవళ్ళ తట్ట!"

"ఆ కవళ్ళే కదండీ నిన్న మీ ఇంట్లో పులుసు పెట్టారు. వీధంతా గుమగుమలాడింది" అంది చూడామణి, కాఫీ చేతికిస్తూ. ఆవిడ కావాలని అనలేదు. నిజం కదా అని అంది.

జగన్నాధం గారు కాఫీ ఒక గుక్క తాగి సర్దుకున్నారు. "తినడం వేరమ్మా. చూడ్డం వేరు." తర్వాత అసలు సంగతి చెప్పారు. ఎడమవైపు సింహం సరిగ్గా మరిడమ్మ కూర్చునే చోట పడుతోంది. బండ లేపెయ్యాలి. మాస్టారు అది ఒలందా బండ అంటున్నారు కాబట్టి, పాత కట్టడాలు చూసే ఆఫీసుకి జగన్నాధం గారే దరఖాస్తు పెట్టారు. గురువారం ఒక ఆఫీసరు వచ్చి చూస్తాడు. ఒలందాదే అంటే సింహం మానుకుంటారు. కాదంటే ఆ పూటే బండా పోతుంది, తట్టా పోతుంది.

"న్యాయమే కదండీ?" అన్నారు జగన్నాధం గారు.

"న్యాయమే" అన్నారు మాస్టారు.

ఆ రోజు నుంచి మాస్టారు మనిషి మనిషిలో లేరు. కంద బచ్చలి కూర పెడితే కెలికి వదిలేశారు. గ్యాసు బండ వచ్చింది, గమ్మున సంతకం పెట్టి పంపేశారు. వాడు భయపడి "అయ్యగారికి ఒంట్లో బానేదా అమ్మా?" అని అడిగి మరీ వెళ్ళాడు. బుధవారం కందిపొడి పెట్టి, "ఇది ఒలందా వాళ్ళదేనా?" అని చూడామణే కదిపింది. "ఏమో" అన్నారాయన. ఆ పిచ్చి ఎన్నాళ్ళు వదిలిపోవాలని మొక్కుకుందో, తీరా వదిలినట్టు కనబడేసరికి ఆవిడకి దడ పుట్టింది.

గురువారం ఆయన టిఫిను తినకుండా, బీపీ మాత్ర వేసుకోకుండా వెళ్ళిపోయారు. చూడామణి మాత్రా, మంచినీళ్ళ సీసా పట్టుకుని వెనకే బయల్దేరింది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, రెండేళ్ళలో మొదటిసారి ముందు గేటు వైపు నడిచింది.

అక్కడ తిరనాళ్ళు. కాలనీ కాలనీ అంతా వేపచెట్టు చుట్టూ మూగింది. ఆఫీసరు మోహనకృష్ణ అని కుర్రవాడు, ఎండకి టోపీ పెట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని బండని బ్రష్షుతో తుడుస్తున్నాడు. మరిడమ్మ తట్ట పక్కన పెట్టుకుని, చెట్టుకి ఆనుకుని, చాపిన కాలు రెండు చేతులతో నొక్కుకుంటోంది. డచ్చి ఆవిడ పక్కనే పడుకుంది. ఎల్లాజీ ఎందుకో తల వంచుకుని ఆటో చక్రాన్ని తంతూ నిలబడ్డాడు.

జనాన్ని తప్పించుకుని చూడామణి ముందుకి వచ్చి బండ చూసింది.

నల్లటి రాయి. రెండు పీటలంత వెడల్పు. ఒక అంచున, ఇత్తడి గుండిగ పడి పెచ్చు లేచిన చోటు. మూలన గుంట. ఆ గుంట లోతెంతో ఆవిడ వేళ్ళకి తెలుసు.

ఆవిడ మెల్లగా తలెత్తి మొగుడి వైపు చూసింది. మాస్టారు అప్పటికే ఆవిణ్ణి చూశారు. చెయ్యి దానంతటదే కుడి భుజం మీదికి పోయింది. బడిలో దొరికిపోయిన పిల్లాడిలా చూస్తున్నారు. చూడామణికి ఒక్కసారిగా అంతా తెలిసిపోయింది. దొంగలు, మెషీను, భుజం, అమృతాంజనం. రెండేళ్ళు వాడి చెయ్యి పడిపోవాలని తను తిట్టిందీ, రాత్రి ఆ చేతికే మందు రాసిందీ. అంతటితో ఆగలేదు. డచ్చి చెవి గుర్తొచ్చింది. బస్సు గోడ గుర్తొచ్చింది. ఆవిడకి కోపం వచ్చింది, నవ్వొచ్చింది, కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. ఏది ముందు చెయ్యాలో తెలియక అలా నిలబడిపోయింది.

"ఈ గుంట ఏమిటండీ?" అని అడిగాడు ఆఫీసరు.

మాస్టారు నోరు తెరిచారు. ఒలందా వాళ్ళ గురించి అడిగితే ఆయన నోట మాట రాకపోవడం కాలనీ చరిత్రలో అదే మొదలు.

"చెప్పండి మాస్టారూ!" అని జగన్నాధం గారు ఉత్సాహపడ్డారు. మాస్టారు చెప్పకపోయేసరికి చుట్టూ చూశారు. చూడామణి కనబడింది. "ఆఁ, చూడామణమ్మ గారున్నారు! సార్, ఈవిడ ప్రాణం పోయినా అబద్ధమాడరు. మా కాలనీకి హరిశ్చంద్రుడు ఈవిడే. అమ్మా, మీరు చెప్పండి. ఇది ఒలందా వాళ్ళదేనా?"

అందరూ ఆవిడ వైపు తిరిగారు. మరిడమ్మ కూడా తిరిగింది. తట్ట మీద గోనెపట్టా సర్దుకుంది, లేవమంటే లేవడానికి సిద్ధంగా. ఆ మోకాలితో లేస్తే ఆవిడ మళ్ళీ ఎక్కడ కూర్చుంటుంది? చూడామణికి తండ్రి మాట గుర్తొచ్చింది. ఒక్క క్షణం శ్రుతికి దణ్ణం పెట్టుకుంది.

"ఒలందా వాళ్ళదే" అంది.

మాస్టారు పక్కనున్న వేపచెట్టుని పట్టుకున్నారు.

"మీకెలా తెలుసండీ?" అన్నాడు ఆఫీసరు.

ఒక అబద్ధం ఆడాక రెండోది ఎంత తేలికో ఆవిడకి అప్పుడు తెలిసింది. "తెలియకేం నాయనా! ఒలందా దొరసాని దీని మీదే బట్టలు ఉతుక్కునేది. ఆ గుంటలో సబ్బు పెట్టుకునేది. జారిపోకుండా."

అప్పుడు మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. దాంతోపాటు బుద్ధి కూడా లేచొచ్చింది.

"సబ్బు కాదు చూడామణీ, సిరా. దొర లెక్కలు రాసుకునేవాడు."

"సబ్బండీ!"

"సిరా అంటుంటే!"

"సిరా అయితే మరక ఉండదూ? ఏదీ మరక? సబ్బు పెట్టే చోటు నాకు తెలీదా? దొరసాని ఎడమచేతి వాటం మనిషి, అందుకే గుంట ఎడమ మూల ఉంది!"

"దొరసానులు బట్టలు ఉతుక్కుంటారా ఎక్కడైనా? చాకలి ఉండదూ?"

"చాకలి మానేసింది! మీ దొర జీతం సరిగ్గా ఇచ్చేవాడు కాదు!"

"ఒలందా వాళ్ళనేమైనా అంటే ఊరుకోను!"

జనం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. చూడామణి స్వయంగా ఒలందా వాళ్ళ ఇంటి గుట్టు విప్పుతుంటే ఇంక అనుమానానికి చోటెక్కడ? జగన్నాధం గారి మొహం వాడిపోయింది. పద్మకుమారి "నిజమే అయ్యుంటాదండీ. వదిన చీర విషయంలోనే అబద్ధమాడలేదు" అని మొగుడి చెవిలో చెప్పింది.

ఆఫీసరు టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు దగ్గాడు. ఆ దగ్గు ఎంతకీ తగ్గలేదు. తర్వాత లేచి, మోకాళ్ళు దులుపుకుని, జగన్నాధం గారితో గంభీరంగా అన్నాడు. "రాయి కాలం ఇప్పటికిప్పుడు తేల్చలేం సార్. నన్నడిగితే తేలేదాకా దీన్ని కదపకపోవడమే మంచిది."

"ఎప్పటికి తేలుతుందండీ?"

"తొందరేం లేదు. ఇప్పటిదాకా దీన్ని శుభ్రంగా చూసుకుంటున్నదెవరు?"

"నానే బాబూ" అంది మరిడమ్మ భయంగా. "రోజూ కడుగుతాను."

"అయితే మీరే చూసుకుంటూ ఉండండి."

వెళ్ళబోతూ అతను చూడామణి దగ్గర ఆగి గొంతు తగ్గించాడు. "మా అమ్మమ్మ గారింట్లో కూడా ఒక ఒలందా బండ ఉందండీ. పెరట్లో, నూతి పక్కన. అచ్చం ఇలాంటి గుంటే." ఆవిడ సిగ్గుపడి, చేతిలో ఉన్న మంచినీళ్ళ సీసా అతనికి ఇచ్చేసింది. మాస్టారి మాత్ర ఇంటికెళ్ళి వేసుకోవలసి వచ్చింది.

ఇంటికొచ్చాక మాస్టారు చాలాసేపు పేపరు తలకిందులుగా పట్టుకుని కూర్చున్నారు. చూడామణి ఎదురుగా నిలబడింది.

"ఎలా తీసుకెళ్ళారు?"

"ఎల్లాజీ ఆటోలో. వాడు ఒక పక్కా, నేను ఒక పక్కా పట్టాం."

"నాకు చెబితే నేనివ్వనన్నానా?"

"ఇద్దువు. ఎవరైనా అడిగితే నిజం కూడా చెప్పేద్దువు. నీకు అబద్ధం రాదు కదా అని..."

"రాదని ఎవరన్నారు? మీకంటే బాగా ఆడాను." ఆవిడ అమృతాంజనం సీసా తెచ్చి పక్కన కూర్చుంది. "ఇలా తిరగండి. రెండేళ్ళు తిట్టానే మిమ్మల్ని, ఒక్కసారైనా ఆపలేదేం?"

"దొంగని కదా తిట్టావు. మధ్యలో నేనెందుకు అనుకున్నాను."

ఆ సాయంత్రం చూడామణి తంబురా తీసి, భయంభయంగా కల్యాణి అందుకుంది. శ్రుతి వెంట్రుకవాసి కదల్లేదు. ఎప్పటికంటే నిండుగా పలికింది కూడా. తండ్రి ఎక్కడున్నాడో గానీ ఆయనకో దణ్ణం పెట్టుకుంది.

ఆర్చి వచ్చింది. కుడిపక్కన సింహం ఉంది, ఎడమపక్కన మరిడమ్మ ఉంది. ఒంటి సింహం చూసి ఎవరైనా రెండోదేదని అడిగితే ఎల్లాజీ సముద్రం వైపు చెయ్యి చూపించి, ఒలందోలు ఓడలో ఎక్కించుకుపోనారని చెబుతున్నాడు.

ఇప్పుడు చూడామణి గుడికి ముందు గేటు మీంచే వెళుతోంది, కొంగు ముక్కుకి పెట్టుకునే. ఒకరోజు మరిడమ్మ పిలిచింది.

"అమ్మా, కోపగించుకోనంటే ఓ మాట సెప్తాను. ఈ బండొచ్చిన కొత్తలో నా సేపలన్నీ సబ్బు వోసనొచ్చీవి."

చూడామణి బండ వైపు చూసింది. అంటే ఈవిడకి మొదటి రోజు నుంచీ తెలుసన్నమాట.

"కొన్నోలు అడిగినారమ్మా. ఏటే మరిడీ, సేపలు సబ్బెట్టి కడుగుతన్నావేటే అని."

"మరి నువ్వేం చెప్పావు?"

"ఏటి సెప్తానమ్మా! ఒలందోల సబ్బు, ఇన్నేల్లైనా వోసన పోనేదు అని సెప్పీసినాను."

చూడామణి ముక్కు మీద కొంగు తీసేసి, వీధిలో అందరూ తిరిగి చూసేలా నవ్వింది. బండ పక్కన పడుకున్న డచ్చి, కింది చెవి ఒకసారి పైకెత్తి, మళ్ళీ పడుకుంది.